పల్లెసంఘమును అధ్యక్షమండలమును

సంఘమనగా గుడి కట్టడము కాదు. విశ్వాసులైన జనులే సంఘము. అట్టి సంఘములు పెక్కు ఊళ్లయందు చెదరియుండగా వానిని ఒక్క కుటుంబముగా కూర్చునదే అధ్యక్షమండలము. దీని యేర్పాటు తెలిసికొనుటకు నేటి తెలంగాణములోని దోర్నకల్ మండలము తగిన నిదర్శనము.

ఈ మండలమునకు మొదటి బిషప్పు వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయన అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘమునందు ఆ పదవి నొందిన మొదటి భారతీయుడు ఆయనయే. తిరునెల్వేలి సీమవారయ్యును తెలుగు నేర్చి, ఎడ్లబండిమీద పల్లెపల్లెకును పోయి సంఘములను దర్శించిరి. ఆ సంఘములవారిలో హెచ్చుమంది పరుల పొలములలో కూలిచేసి బ్రదుకు బీదలు.

మండలమునకు పునాది పల్లెసంఘము. అచ్చట ఉపదేశకుడు పగలు పిల్లలకు చదువు చెప్పి, కూలివారు ఇల్లు చేరిన పిమ్మట ప్రార్థన జరిపించును. సంఘపెద్దలు తగవులు తీర్చి, కానుకల లెక్క చూతురు. ఇట్టి కొన్ని పల్లెలు కలిసి ఒక పాస్టరేటగును. దానిపై గురువుగారుందురు, ప్రభుభోజనము నిచ్చుట ఆయన పని. గురువుగారు వచ్చు దినము దూరమైనను, ఉపదేశకుడును పెద్దలును ఉన్నంతకాలము మంద చెదరదు.

పాస్టరేటులన్నిటికిని పైవిచారణకర్త బిషప్పు. గురువులకు అభిషేకమిచ్చుట ఆయనకే చెల్లును. అయినను ఆయన ఒంటరిగా ఏలువాడు కాడు. మండలసభలో గురువులతోపాటు సంఘములు ఎన్నుకొనిన గృహస్థులును కూర్చుండి ఆలోచన చెప్పుదురు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు సంఘములును దక్షిణ హిందూ ఐక్యసంఘమును ఏకమై దక్షిణ ఇండియా సంఘమైనప్పుడు దోర్నకల్ మండలమును అందు చేరెను. ఆ సంఘములో బిషప్పును ఏర్పరచుకొనుటయందును మండలసభకు పాలు గలదు. అజరయ్యగారు 1945 జనవరి 1న మరణించినను మండలము నిలిచియుండుటకు ఈ యేర్పాటే ఆధారము.

ఇల్లాలు వంటబియ్యములోనుండి పిడికెడు తీసి దేవునికై వేరుంచుట తెలుగుసంఘములలో చిరకాలపు ఆచారము. ఆ పిడికిళ్లే ఉపదేశకునికిని గురువునకును పోషణయగును. కాబట్టి పిడికెడు బియ్యమిచ్చిన యింటివారు లెక్క అడుగుట తప్పు కాదు. పెద్దలు దానిని అందరియెదుట చదివి వినిపించుట ధర్మము. లెక్క దాచినచోట అనుమానము పుట్టును. అనుమానము పుట్టినచోట సంఘము రెండగును.

తోటలలో కాపురముండు కుటుంబములకును ఇదియే మార్గము. గురువుగారి నివాసము దూరముననుండవచ్చును. నమ్మకమైన పెద్దలును, తెరచిన లెక్కపుస్తకమును, తప్పని సాయంకాలప్రార్థనయు నున్నచో ఆ కూలిలైనులయందును సంఘము సంపూర్ణముగా నుండును.