న్యాయవ్యవస్థ లోపల మనవాళ్ళు

మన పిల్లల్లో ఎవరైనా క్రిమినల్ జస్టిస్ చదువుతానంటే ఇంట్లో ముందు వినపడే మాట "పోలీసు ఉద్యోగమా?" అని. కమ్యూనిటీ కాలేజీలో చేరతానంటే "ఏం, యూనివర్సిటీలో సీటు రాలేదా?" అని. ఈ రెండు ప్రశ్నల వెనకా ఉన్న చిన్నచూపు అమెరికాలోని మన తెలుగు సమాజానికి నష్టం చేస్తోంది.

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేతేలో తెలుగు ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపారు. 2023 జనవరిలో సియాటిల్‌లో పోలీసు కారు ఢీకొని ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి చనిపోయింది. రెండుసార్లూ మన గుండె మండింది. జాహ్నవి కేసులో ఆ కారు నడిపిన అధికారిపై ఫెలొనీ (తీవ్ర నేరం) అభియోగం మోపడం లేదని 2024లో కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ ప్రకటించినప్పుడు మనలో చాలామందికి కోపం వచ్చింది. ఆ నిర్ణయం ఎలా తీసుకుంటారో, సందేహానికి తావులేని రుజువంటే ఏమిటో, తర్వాత ఏ తలుపు తట్టాలో విడమర్చి చెప్పగలిగినవాళ్ళు మన మధ్య ఎంతమంది ఉన్నారు? కంప్యూటర్లలో, వైద్యంలో మనవాళ్ళు లేని ఊరు లేదు. పోలీసు స్టేషన్లలో, కోర్టుల్లో, ప్రొబేషన్ ఆఫీసుల్లో మాత్రం వెతుక్కోవాలి.

ఆ లోటు తీర్చుకోవడానికి అందరికీ అందుబాటులో ఉన్న దారి కమ్యూనిటీ కాలేజీ. నాకు బాగా తెలిసిన కాలిఫోర్నియా సంగతి చెబుతాను. పోలీసులకు కాలేజీ చదువు కావాలన్న ఆలోచన పుట్టి పెరిగింది కూడా ఇక్కడే. బర్క్‌లీ పోలీసు చీఫ్ ఆగస్ట్ వోల్మర్ పట్టుబట్టి 1916లో అక్కడి యూనివర్సిటీలో వేసవి తరగతులు పెట్టించారు. 1930 నాటికి శాన్ హోజేలో పూర్తిస్థాయి కోర్సు మొదలైంది. ఇప్పుడు మనవాళ్ళు ఎక్కువగా ఉండే కూపర్టినోలోని డి ఆంజా, ఫ్రీమాంట్‌లోని ఓలోనీ కాలేజీల్లో 'అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్' పేరుతో ఈ చదువు ఉంది. రాష్ట్ర నివాసులకు ఫీజు సెమిస్టర్ యూనిట్‌కు 46 డాలర్లు. సెమిస్టర్ లెక్కన 60 యూనిట్ల ట్రాన్స్‌ఫర్ డిగ్రీకి 2,760 డాలర్లు, పుస్తకాలు, ఇతర ఖర్చులు వేరే. 2010 నాటి చట్టం వల్ల ఆ డిగ్రీ ఉన్నవాళ్ళకు కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ (కాల్ స్టేట్) వ్యవస్థలో నేరుగా మూడో సంవత్సరంలో సీటు ఖాయం. అయితే కోరుకున్న క్యాంపస్‌లోనే దొరుకుతుందన్న హామీ లేదు.

ఏం చదువుతారు? మొదటి కోర్సులో పోలీసు, కోర్టు, జైలు ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో చూస్తారు. తర్వాత క్రిమినల్ లా, ప్రొసీజర్, సాక్ష్యాధారాల చట్టం. పెన్సిల్‌తో రాసిన అర్జీ జైలు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళి, ఫెలొనీ కేసుల్లో లాయరును పెట్టుకోలేని పేదవాడికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలని 1963లో తీర్పు తెచ్చిపెట్టిన గిడియన్ కథ, పోలీసులు ప్రశ్నించే ముందు నిందితుడికి అతని హక్కులు చెప్పాలన్న 1966 నాటి మిరాండా తీర్పు ఇక్కడ వివరంగా చదువుతారు.

నాకు అన్నిటికంటే విలువైనవిగా అనిపించేవి రిపోర్టు రాయడం, ఆధారాలు భద్రపరచడం. "అతను కంగారుగా ఉన్నాడు" అని విద్యార్థి రాస్తే మాస్టారు దాన్ని కొట్టేసి, నువ్వు కళ్ళారా చూసింది రాయమంటారు. "చేతులు వణుకుతున్నాయి, ఒకే ప్రశ్నకు రెండుసార్లు రెండు జవాబులు చెప్పాడు" అని తిరగరాయాలి. దొంగతనం జరిగిన చోట ఫోన్ దొరికితే దాన్ని సంచిలో పెట్టి సీలు వేసి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారో రాయాలి. అది చేతులు మారిన ప్రతిసారీ ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు సంతకం పెట్టాలి. ఒక్క సంతకం తప్పినా రేపు కోర్టులో డిఫెన్స్ లాయరు అక్కడే పట్టుకుంటాడు. చూసినదాన్ని ఊహతో కలపకుండా చెప్పే ఈ అలవాటు ఏ ఉద్యోగంలోనైనా అక్కరకొస్తుంది.

ఉద్యోగాలంటే యూనిఫామ్ ఒక్కటే కాదు. 911 డిస్పాచర్లు, ఎవిడెన్స్ టెక్నీషియన్లు, క్రైమ్ ఎనలిస్టులు, కోర్టు క్లర్కులు, బాధితులకు అండగా నిలిచే విక్టిమ్ అడ్వకేట్లు ఉన్నారు. కొత్తగా పెళ్ళై వచ్చి, భర్త చెయ్యి చేసుకుంటే ఎవరికి చెప్పాలో తెలియని అమ్మాయికి తన భాషలో ధైర్యం చెప్పే అడ్వకేట్ దొరికితే ఎంత తేడా వస్తుందో ఆలోచించండి. కోర్టు ఇంటర్‌ప్రెటర్ పని కూడా అలాంటిదే. కాలిఫోర్నియాలో పంజాబీకి సర్టిఫికేషన్ పరీక్ష ఉంది. తెలుగుకు ఇంకా లేదు. అయినా వేరే పరీక్షలు పాసై 'రిజిస్టర్డ్' హోదాతో తెలుగులో పనిచేయవచ్చు.

పరిమితులు కూడా తెలుసుకోవాలి. కాలిఫోర్నియాలో 2021లో చేసిన చట్టం పోలీసు ఉద్యోగానికి కనీస వయసును 21కి పెంచింది. హైస్కూలుకూ ఆ వయసుకూ మధ్య ఉన్న కాలం ఈ డిగ్రీకి సరిపోతుంది. అకాడమీ శిక్షణ కనీసం 664 గంటలు. 2023 నుంచి రాష్ట్రంలో పోలీసు కావడానికి అమెరికా పౌరసత్వం తప్పనిసరి కాదు, గ్రీన్‌కార్డుతోనూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఎఫ్‌బీఐ ఏజెంట్ కావాలంటే మాత్రం పౌరసత్వంతో పాటు బ్యాచిలర్స్ డిగ్రీ ఉండాలి. చాలా కౌంటీల్లో ప్రొబేషన్ ఆఫీసర్‌కూ బ్యాచిలర్స్ అడుగుతారు. ఫోరెన్సిక్ ల్యాబ్ మీద మనసుంటే కెమిస్ట్రీయో బయాలజీయో చదవాలి, ఈ డిగ్రీ ఒక్కటే చాలదు. ఇంకో మాట, పోలీసు ఉద్యోగానికి ముందు జరిగే బ్యాక్‌గ్రౌండ్ విచారణలో పాత పొరపాటు కంటే దాన్ని దాచిపెట్టడమే ఎక్కువ ముప్పు తెస్తుంది. పిల్లలకు ఇది ముందే చెప్పండి.

విజయవాడలో పుట్టిన బాడిగ జయ 2024లో శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జిగా నియమితులయ్యారు. మనమంతా ఆ వార్త గర్వంగా పంచుకున్నాం. అలాంటి వార్తలు ఇంకా రావాలంటే ఆ వ్యవస్థలోకి అడుగుపెట్టే పిల్లలు కావాలి. హైస్కూలు విద్యార్థులు కూడా కమ్యూనిటీ కాలేజీలో తరగతులు తీసుకోవచ్చు, చాలాచోట్ల వాళ్ళకు యూనిట్ ఫీజు ఉండదు. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే, వచ్చే సెమిస్టర్‌లో మొదటి కోర్సు ఒక్కటి తీసుకోమనండి. నచ్చితే కొనసాగిస్తారు. నచ్చకపోయినా ఈ దేశంలో తమ హక్కులేమిటో తెలుసుకుంటారు.