పోయిన బంటును వెంటనే కొడితే రాజు ఎందుకు చిక్కుతాడు?

ప్రశ్న: టోర్నమెంట్లలో నల్లపావులతో ఇటాలియన్ ఓపెనింగ్‌ను ఎదుర్కొన్నప్పుడు, తెలుపు గుర్రం జీ5కి దూకగానే ఆట చేజారిపోతోంది. ఎందుకు? ఎలా ఆడాలి?

జవాబు: ముందు బోర్డు మీద పావులు పేర్చుకోండి. ఇరువైపులా రాజు ముందున్న బంట్లు రెండేసి గళ్లు నడిచాయి. తెలుపు గుర్రం ఎఫ్3కి, నలుపు గుర్రం సీ6కి, తెలుపు శకటు సీ4కి, నలుపు రెండో గుర్రం ఎఫ్6కి వచ్చాయి. ఇప్పుడు తెలుపు గుర్రం జీ5కి దూకింది.

ఆట మొదట్లో ఒకే పావును రెండుసార్లు కదపొద్దని అందరికీ నేర్పుతారు. అయినా ఈ ఎత్తు పారుతుంది. కారణం ఎఫ్7 గడి. అక్కడి బంటుకు కాపలా రాజు ఒక్కడే. శకటు, గుర్రం రెండూ దానిమీదే గురిపెట్టాయి.

అందుకే నలుపు డీ5కి బంటును తోసి శకటు దారికి అడ్డం వేస్తుంది. తెలుపు బంటు దాన్ని కొడుతుంది. చిక్కు ఇక్కడే. గుర్రంతో తిరిగి కొట్టాలని చేయి లాగుతుంది. కొట్టారా, తెలుపు గుర్రం ఎఫ్7 బంటును తీసుకుని మీ మంత్రినీ ఏనుగునూ ఒకేసారి పట్టుకుంటుంది. రాజే దాన్ని చంపాలి. వెంటనే తెలుపు మంత్రి ఎఫ్3కి వచ్చి చెక్ చెబుతాడు. డీ5లోని గుర్రమూ అతని గురిలోనే ఉంటుంది. దాన్ని కాపాడాలంటే రాజు ఈ6కి, బోర్డు నడిమధ్యకు, నడవాలి. ఆపై తెలుపు రెండో గుర్రం సీ3కి వచ్చి అదే గుర్రం మీద పడుతుంది.

ఇదే ఫ్రైడ్ లివర్ అటాక్. ఇటలీ ఆటగాడు పోలేరియో పేరిట సుమారు 1610 నాటి ఆటలో ఇది కనిపిస్తుంది. నలుపుకు నిలబడే ఎత్తులు లేకపోలేదు. కానీ గడియారం నడుస్తుండగా వాటిని ఒక్కొక్కటిగా వెతకాలి. ఒక్కటి తప్పినా ఆట ముగిసినట్టే.

మరి ఎలా? ఐదో ఎత్తులో బంటు సంగతి వదిలేసి, సీ6 గుర్రాన్ని ఏ5కి పంపి శకటును తరమండి. అది బీ5 నుంచి చెక్ చెబితే సీ6లో బంటు అడ్డం పెట్టండి. తెలుపు బంటు దాన్ని కొడితే, బీ7 బంటుతో తిరిగి కొట్టండి. మీకొక బంటు తక్కువే. కానీ శకటు మళ్లీ వెనక్కి తగ్గాలి. మీ బంటు హెచ్6కి నడిస్తే గుర్రమూ తగ్గాలి. ఈ4కి నడిచే బంటు దాన్ని ఇంకోసారి తరుముతుంది. వాళ్లు సర్దుకునేలోగా మీ పావులన్నీ బయటికొస్తాయి. బంటు ఇచ్చి కొనుక్కున్నది ఆ సమయాన్నే.

ఈ తలనొప్పే వద్దనుకుంటే, మూడో ఎత్తులో గుర్రానికి బదులు శకటును సీ5కి తెండి. అప్పుడు తెలుపు గుర్రం జీ5కి దూకితే, డీ8లోని మీ మంత్రి దాన్ని ఊరికే కొట్టేస్తాడు.