కొరమీనుకు వీసా లేదు

కొరమీను పులుసంటే లొట్టలు వేయని తెలుగువాడు అరుదు. మా మద్రాసులో దీన్నే విరాల్ అంటారు. జబ్బుపడి లేచినవాళ్ళకు బలమని మా అమ్మమ్మ ప్రత్యేకంగా చెప్పి తెప్పించేది. ఆ కొరమీనును ప్రాణంతో అమెరికాలోకి తీసుకువెళ్ళడం నేరమని మన పాఠకుల్లో ఎందరికి తెలుసు?

దానికో కథ ఉంది. 2002లో మేరీలాండ్ రాష్ట్రంలో క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో కొరమీను కుటుంబానికి చెందిన చైనా చేపలు పిల్లలతో సహా బయటపడ్డాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఒకాయన ఒంట్లో బాగాలేని సోదరికి సూప్ కాచి పెడదామని న్యూయార్క్ నుంచి బతికున్న చేపలు తెప్పించాడు. ఈలోగా ఆవిడ కోలుకుంది. చేపలు ఇంట్లో అక్వేరియంలోకి చేరాయి, కొంతకాలానికి చెరువులోకి చేరాయి. చివరికి అధికారులు ఆ చెరువులో మందు పోసి అందులోని చేపలన్నిటినీ చంపవలసి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో అమెరికా ప్రభుత్వం కొరమీను కుటుంబం మొత్తాన్ని, మనదానితో సహా, హానికర జీవుల పట్టికలో చేర్చింది. సోదరికి సూప్ పెట్టాలనుకోవడం అమ్మమ్మ మనసులాంటిదే. అక్కడి చెరువుకు ఆ చేప కొత్త, అంతే.

మొక్కలదీ ఇదే తంతు. మన చెరువుల అడుగున సన్నటి ఆకులతో అల్లుకునే హైడ్రిల్లా అనే నాచును మనం పట్టించుకోం. 1950ల మొదట్లో అది అక్వేరియం మొక్కగా సింహళం నుంచి ఫ్లోరిడా చేరింది. అక్కడి కాలువలు, సరస్సులు దాంతో పూడుకుపోయి, ఇప్పటికీ దాన్ని తీయించడానికి డబ్బు పోస్తూనే ఉన్నారు. బదులుగా మనకు వచ్చింది గుర్రపు డెక్క! అమెజాన్ ప్రాంతపు ఈ మొక్క ఊదారంగు పూల అందం చూసి పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్‌కు తెచ్చుకున్నారు. 1936 నాటికి దాన్ని అరికట్టడానికి అక్కడ ఒక చట్టమే చేయవలసి వచ్చింది. కొల్లేరు చూసినవారికి మిగతా కథ నేను చెప్పనక్కరలేదు.

నేను ఇదంతా తవ్వి తీయడానికి కారణం సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు. మా ఇంట్లో మూడడుగుల చేపల తొట్టె ఉంది. కిందటిసారి బయలుదేరే ముందు ఫోన్ చేసి, “మామయ్యా, ఇక్కడ మంచి మొక్కలున్నాయి. తడి కాగితంలో చుట్టి సూట్‌కేసులో పెట్టుకొస్తాను. నాలుగు చేపలు కూడా తేనా? ముప్పయి దాకా ఎవరూ అడగరు” అన్నాడు.

వాడన్నదాంట్లో సగం నిజం. సొంతానికి పెంచుకునే రంగు చేపలు 30కి మించకుండా, 3 లీటర్లకు మించని నీటిలో వెంట తెచ్చుకుంటే సింగపూర్ విడిగా పర్మిట్ అడగదు. పిరానాలాంటి నిషిద్ధ జాతులకు, అంతరించిపోతున్న జాతులకు ఈ వెసులుబాటు లేదు. అయితే ఆ రూలు సింగపూర్‌లోకి వచ్చేవాళ్ళకు. మీనంబాకంలో దిగేవాడికి దాంతో పనేముంది? ఏ దేశంలో అడుగు పెడతామో ఆ దేశపు రూలే లెక్క. మనవాళ్ళు చాలామంది పొరపడేది ఇక్కడే.

మన దేశంలోకి బతికున్న చేప రావాలంటే ముందుగా కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి. అది అనుమతించిన జాతుల్లోది కావాలి. పంపే దేశం ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, వచ్చాక క్వారంటైన్‌లో ఉంచాలి. ఇదంతా వ్యాపారస్తులకు వీలయ్యే పని తప్ప, సెలవులకు వచ్చే కుర్రాడికి కాదు. మొక్కలకు 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ వర్తిస్తుంది. దిగుమతి పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అనే ఆరోగ్యపత్రం ఉండాలి, వేళ్ళకు మట్టి అంటి ఉండకూడదు. చిన్న కప్పుల్లో జిగురులాంటి పదార్థంలో పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలు శుభ్రంగానే ఉంటాయి, కానీ పత్రం వాటికీ తప్పదు. “రెండు ఆకులకు ఇంత హంగామానా” అన్నాడు మావాడు. చివరికి మొక్కలు కత్తిరించే పొడుగాటి కత్తెర, పట్టకారు తెచ్చాడు. వాటికి ఏ పత్రమూ అక్కరలేదు.

రెండు ఆకులకు హంగామా ఎందుకో 2021లో అమెరికా చూసింది. అక్వేరియంలో వేసుకునే గుండ్రటి నాచు ఉండలు ఉక్రెయిన్ నుంచి వస్తుండేవి. వాటిలో జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్పలు దాగి ఉన్నట్టు సియాటిల్‌లో ఒక దుకాణపు ఉద్యోగి కనిపెట్టాడు. వెతికితే ఇరవైకి పైగా రాష్ట్రాల్లో దొరికాయి. నీటి గొట్టాల లోపల గుత్తులుగా పేరుకుని వాటిని మూసేసే జీవులవి.

రూళ్ళంటే అడ్డుకోవడమొక్కటే అనుకోకండి. సాల్వీనియా అనే నీటి కలుపు కేరళను ముంచెత్తినప్పుడు, దాన్ని మాత్రమే తినే ఒక ముక్కుపురుగును ఆస్ట్రేలియా నుంచి అధికారికంగా తెప్పించారు. అది ఇతర పంటల జోలికి పోదని పరీక్షించి నిర్ధారించుకున్నాక, 1983లో బెంగుళూరులో ఒక కలువ కొలనులో వదిలారు. అది ఏడాది తిరక్కుండా కొలను ఖాళీ చేసింది, తర్వాత కేరళలోనూ పని చేసింది. పరాయి ప్రాణే, కానీ పరీక్ష రాసి వచ్చింది!

డ్రాగన్ చేప ఇంట్లో ఉంటే కలిసివస్తుందని కొనేవారికి ఒక మాట. ఆసియా అరోవానా అంతర్జాతీయ సైటిస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉంది. 2022లో వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ, 2024 నాటి నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జాతులు ఉన్నవారు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. బిల్లు లేకుండా చవకగా ఇస్తానంటే ఆ అదృష్టం మనకొద్దు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం విమానాశ్రయం కాదు. కలకత్తా గాలిఫ్ స్ట్రీట్ సంతలోనో, మా కొళత్తూరులోనో కొన్న చేప రైలెక్కి బరంపురమో యానామో చేరితే అడిగే నాథుడు లేడు. తొట్టె శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేప జానెడు దాటగానే పిల్లలకు మొహం మొత్తుతుంది. పెద్దవాళ్ళు ‘పాపం’ అని తీసుకెళ్ళి చెరువులో వదులుతారు. దక్షిణ అమెరికాకు చెందిన ఆ చేపనే ఇప్పుడు కృష్ణా, గోదావరి తీరాల్లో దెయ్యం చేప అంటున్నారు. ఒంటినిండా గట్టి పెచ్చులు, ముళ్ళు. పడితే వల చిరుగుతుంది, కొనేవాడుండడు. 2018 వరదల తర్వాత కేరళలో చాలకుడి నదిలో అమెజాన్ అరాపైమా వలకు చిక్కింది. అది ఈదుకుంటూ వచ్చిందని ఎవరూ అనలేరు కదా.

పెంచలేకపోతే చేపను కొన్న దుకాణంలోనే తిరిగి ఇవ్వండి. చాలామంది డబ్బు ఇవ్వరు గాని, తీసుకుంటారు. కత్తిరించిన మొక్కలను మురుగుకాలువలో వేయకుండా డాబా మీద పరచి, పెళపెళలాడేలా ఎండాక చెత్తబుట్టలో వేయండి. తొట్టె నీళ్ళు మాత్రం మా ఇంట్లో అరటిచెట్టుకు పోస్తాం, గెలలు బాగానే వేస్తోంది.