మనవరాలికి రెండు రోజులు, నానమ్మకి పద్దెనిమిది

2021 మే నెల. లాక్‌డౌన్ పెట్టిన వారమే వైరాలో మా ఇంట్లోకి కరోనా వచ్చింది. ముందు ఎనిమిదేళ్ల మా పాపకి ఒళ్లు కాలిపోయింది. రెండోనాటి సాయంత్రానికే లేచి కూర్చుని మామిడికాయ ముక్కలకి ఉప్పూకారం అడిగింది. దాని వెనకే అరవై ఎనిమిదేళ్ల మా అత్తమ్మ పడింది. జ్వరం, దగ్గు, వారం తిరిగేసరికి ఆయాసం. ఖమ్మం తీసుకుపోయి ఆక్సిజన్ పెట్టించాం. పద్దెనిమిదో రోజున ఇల్లు చేరాక ఆమె అడిగిన మొదటి మాట: "ఒకటే ఇల్లు, ఒకటే వంట. దానికి రెండ్రోజుల్లో తగ్గిపోయె, నాకేందే ఇట్లయింది?"

డిగ్రీలో జువాలజీ చదివినదాన్ని. అయినా జవాబు చెప్పలేకపోయాను. మళ్లీ పుస్తకాలు తిరగేశాను.

మనం చదువుకున్న పాఠంలో ఒంటికి రెండు రక్షణలు. ఒకటి పుట్టుకతో వచ్చేది, ఎవరొచ్చినా మీద పడేది. రెండోది ఫలానా వైరస్‌ని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేసేది. కొత్త వైరస్ అయితే దానికి వారం పైనే పడుతుంది. టీకా ముందే పాఠం చెబుతుంది కాబట్టి ఆ ఆలస్యం తగ్గుతుంది. ఈ రెంటికీ నడుమ ఇంకో జాతి ఉందని నాకు అప్పుడే తెలిసింది. అవీ టి కణాలే, కానీ పాఠం కోసం ఆగవు. గామా డెల్టా టి కణాలు, మెయిట్ కణాలు అలాంటివే. ఊపిరితిత్తుల్లో, పేగుల్లో, కాలేయంలో కాపు కాస్తుంటాయి. చెరువు కట్టకి గండి పడితే ఇంజనీరు వచ్చేదాకా ఆగుతామా? దగ్గర పొలంలో ఉన్నవాళ్లే తట్టా పారా పట్టుకుని పరుగెత్తుతారు. ఇవీ అంతే.

మెయిట్ కణాల సంగతి మరీ చిత్రం. అవి గుర్తుపట్టేది బ్యాక్టీరియా బి2 విటమిన్ 'వండుకునేటప్పుడు' మధ్యలో వచ్చే సగం ఉడికిన సరుకుని. మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు 2012లో ఈ సంగతి బయటపెట్టారు. మరి వైరస్ బి2 తయారుచేయదు కదా! దాన్ని ఇవి చూడలేవు, కేకలు వింటాయి. వైరస్ సోకినచోట కణాలు ఇంటర్‌ఫెరాన్, ఇంటర్‌ల్యూకిన్ అనే రసాయనాలు వదులుతాయి. ఆ కబురందగానే మెయిట్ కణాలు మేలుకుని తామూ ఇంటర్‌ఫెరాన్ వదిలి మిగతావాళ్లని పిలుస్తాయి. ఈ కణాలు లేని ఎలుకలకి ఫ్లూ ఎక్కిస్తే ఎక్కువ చచ్చిపోయాయని 2018లో తేలింది. 2020లో కరోనా రోగుల్లో చూస్తే రక్తంలో ఇవి బాగా తగ్గాయి, ఊపిరి దారుల్లో కనిపించాయి.

అయితే బి కాంప్లెక్స్ మింగితే సరి అనుకోకండి. (నేనూ అనుకున్నాను.) వాటికి కావలసింది ఆ సగం ఉడికిన సరుకు, మాత్రలో ఉండేది పూర్తయిన వంట.

వయసు మీదపడేకొద్దీ రక్తంలో మెయిట్ కణాలు తగ్గుతాయి. పిల్లల ముక్కులోని కణాలైతే ముందే అప్రమత్తంగా ఉండి చప్పున ఇంటర్‌ఫెరాన్ వదులుతాయి. ఒక్క ఈ కణాలతోనే లెక్క తేలదు, అత్తమ్మకి షుగరు కూడా ఉంది. కానీ ఆమె ప్రశ్నకి సగం జవాబు ఇక్కడుంది.

మిగతా సగంలో నా చెయ్యి ఉందేమోనని భయం. జ్వరం వచ్చిన రెండో రోజే తెలిసినవారొకరు చిన్న తెల్లమాత్రలు ఇచ్చారు. జ్వరం ఇట్టే దిగింది. సంబరపడి మూడు రోజులు నేనే వేశాను. అది స్టిరాయిడ్ అని ఖమ్మంలో డాక్టరమ్మ అట్ట చూసి చెప్పేదాకా తెలియదు. స్టిరాయిడ్ ఈ కేకల్ని అణిచేస్తుంది. గండి దగ్గర జనం చేరకముందే నోరు నొక్కినట్టు. అలాగని అది చెడ్డమందూ కాదు. రెండో వారంలో ఈ రక్షణే అదుపుతప్పి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తే ఆపేది అదే. 2020 జూన్‌లో బ్రిటన్‌లో డెక్సామెథసోన్ పరీక్ష ఫలితాలు వచ్చాయి. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరంలేని వాళ్లకి మాత్రం ఏ లాభమూ కనిపించలేదు. ఖమ్మంలో అత్తమ్మకి ఇచ్చిందీ ఆ మందే, సమయం చూసి, షుగరు కొలుస్తూ. ఆ నెలలోనే షుగరు, స్టిరాయిడ్ కలిసి బ్లాక్ ఫంగస్ తెచ్చుకున్నవాళ్లతో హైదరాబాదు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయింది.

ఆయాసం నా మాత్రల వల్లే వచ్చిందని డాక్టరమ్మ అనలేదు. కాదనీ అనలేదు.

మొన్న చలికాలం అత్తమ్మకి మళ్లీ జలుబు చేసి, ఒళ్లు వెచ్చబడింది. పారాసెటమాల్ చేతిలో పెడితే కళ్లజోడు తెప్పించుకుని అట్ట అటూ ఇటూ తిప్పింది. "ఆ తెల్ల బుడ్డది ఇందులో లేదు కదే?" అంది.