మనోళ్లు ఎన్నో స్థానం?
కంఠీరవలో ఏటా అదే ప్రశ్న.. జవాబు మాత్రం ఎప్పుడూ కొత్తదే

బెంగళూరు: కంఠీరవ స్టేడియంలో ఒక ఆట ముగిసి లైట్లు ఆరకముందే బయట ఇంకో ఆట మొదలవుతుంది. దీనికి రిఫరీ లేడు, విజిల్ లేదు. కస్తూర్బా రోడ్డు పక్క ఫుట్‌పాతే మైదానం. నీలం జెర్సీలు వేసుకున్న కుర్రాళ్లు మెట్రో స్టేషన్ దాకా నడుస్తూ వేళ్ల మీద లెక్కలేస్తారు. మిగిలినవి ఇన్ని మ్యాచులు, రావలసినవి ఇన్ని పాయింట్లు, గోవా వాళ్లు ఒకటి ఓడితే చాలు, ముంబయి వాళ్లు రెండు డ్రా చేసుకుంటే ఇంకా మేలు... కన్నడం, తమిళం, ఇంగ్లిషు మధ్యలో కోలారు, చింతామణి యాసలో మన తెలుగూ వినిపిస్తుంది. ‘అన్నా, ఈసారి నాలుగులో ఉంటామా?’ అని ఒకరు అడగడమే ఆలస్యం, బై-టూ కాఫీ చల్లారిపోయేదాకా ఆ చర్చ తెగదు.

బెంగళూరు ఎఫ్‌సీ అభిమానులకు ఈ జోస్యాల పిచ్చి కాస్త ఎక్కువే. తప్పు వాళ్లది కాదు, జట్టే అలా అలవాటు చేసింది. 2013లో పుట్టిన క్లబ్బు మొదటి సీజన్‌లోనే ఐ-లీగ్ గెలిచేసింది. నడక రాకముందే పరుగు పందెంలో నెగ్గిన పిల్లాడిలాగన్న మాట. అప్పట్నుంచి అభిమానికి రెండో స్థానం అంటే ఓటమి, నాలుగు అంటే అవమానం.

మొదటి దెబ్బ 2015 మే 31న తగిలింది. ఐ-లీగ్ ఆఖరి మ్యాచ్, అదీ సొంత గడ్డ మీద, మోహన్ బగాన్‌తో. గెలిస్తే కప్పు మనది, డ్రా అయితే వాళ్లది. మొదటి సగంలో జాన్ జాన్సన్ గోల్ కొట్టాడు. గ్యాలరీలో ఇక పండగే అనుకున్నారు. ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు బెల్లో రజాక్ తలతో కొట్టిన బంతి వలలో పడింది. 1-1. కప్పు కోల్‌కతాకు వెళ్లిపోయింది. మరుసటి సీజన్‌లో బెంగళూరు మళ్లీ ఛాంపియన్ అయినా, ఆ సాయంత్రం స్టేడియంలో ఉన్నవాళ్లు ఆ తర్వాత ‘ఇక మనదే’ అనడానికి కాస్త జంకుతారు.

మార్చి 17.. రెండుసార్లు

జోస్యం చెప్పేవాళ్ల నోరు మూయించిన తేదీ ఒకటుంది. 2017-18లో బెంగళూరు ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. లీగ్ దశలో 40 పాయింట్లతో అగ్రస్థానం. రెండో స్థానంలో ఉన్న చెన్నైయిన్‌కు 32 మాత్రమే. ఫైనల్ కూడా కంఠీరవలోనే. 2018 మార్చి 17న తొమ్మిదో నిమిషంలో సునీల్ ఛెత్రి గోల్ కొడితే స్టేడియం ఊగిపోయింది. ఆ తర్వాత చెన్నై ఆటగాడు మైల్సన్ ఆల్వెస్ రెండు హెడర్లతో కథ మార్చేశాడు. చివరికి 3-2తో కప్పు చెన్నైకి. ఆ రాత్రి హోసూరు బస్సెక్కిన తెలుగు అభిమానులకు తమిళనాడు సరిహద్దు దాటడం కష్టంగానే ఉండి ఉంటుంది!

సరిగ్గా ఏడాదికి, 2019 మార్చి 17న ముంబయిలో మళ్లీ ఫైనల్. ఈసారి ఎదురు గోవా. లీగ్‌లో రెండు జట్లకూ 34 పాయింట్లే. గోల్స్ తేడా చూస్తే గోవాదే పైచేయి. కానీ ఐఎస్ఎల్ నియమం వేరు. పాయింట్లు సమానమైతే ముందు చూసేది ఆ రెండు జట్ల ముఖాముఖి ఫలితాలు. గోవాను రెండుసార్లూ ఓడించిన బెంగళూరు మొదటి స్థానంలో నిలిచింది. ఈ ఒక్క నియమం తెలియక పందెం ఓడిపోయినవాళ్లు ఎందరో. ఫైనల్‌లో నిర్ణీత సమయంలో గోల్ లేదు. అదనపు సమయం కూడా అయిపోవస్తుండగా కార్నర్ కిక్‌ను రాహుల్ భేకే తలతో లోపలికి కొట్టాడు. 1-0. అంతకు ముందేడాది కార్నర్లే కొంప ముంచాయి, ఈ ఏడాది కార్నరే కప్పు తెచ్చింది.

అప్పట్నుంచి లెక్కలు మరీ తికమకైపోయాయి. 2020-21లో ఏడో స్థానం, 2021-22లో ఆరు. కొవిడ్ కారణంగా ఆ రెండు సీజన్లూ గోవాలోనే ఆడారు కాబట్టి అభిమానులు టీవీల ముందు కూర్చుని గొణుక్కోవడమే మిగిలింది. 2022-23లో సీజన్ సగం దాటేసరికి జట్టు పట్టిక అడుగు భాగంలో కొట్టుకుంటోంది. పెద్ద మాటలు చెప్పేవాళ్లు కూడా పెదవి విరిచేశారు. అక్కడ్నుంచి వరుసగా ఎనిమిది విజయాలు! నాలుగో స్థానం, ప్లేఆఫ్‌లో కేరళపై గెలుపు, సెమీస్‌లో పెనాల్టీలపై ముంబయిని దాటడం, ఫైనల్‌లో అవే పెనాల్టీలపై ఓడిపోవడం. అంత చూశాక మరుసటి ఏడాది టాప్ గ్యారంటీ అన్నారు. 2023-24లో వచ్చింది పదో స్థానం. 22 మ్యాచుల్లో 22 పాయింట్లు.

అందుకే 2024-25కు ముందు ఎవరూ గొప్పలు పోలేదు. ఆరులో ఉంటే ప్లేఆఫ్ దొరుకుతుంది, అది చాలన్నారు. జట్టు 38 పాయింట్లతో మూడో స్థానంలో నిలిచింది. నాకౌట్‌లో ముంబయిని 5-0తో చితక్కొట్టింది. నలభై ఏళ్ల ఛెత్రి ఆ సీజన్‌లో 14 గోల్స్ చేశాడు. ఈయన పుట్టింది సికింద్రాబాద్‌లోనే కాబట్టి మనవాడేనంటూ ఇక్కడి తెలుగువాళ్లు ఓ చిన్న వాటా అడుగుతుంటారు. కోల్‌కతాలో 2025 ఏప్రిల్ 12న జరిగిన ఫైనల్‌లో మోహన్ బగాన్ అదనపు సమయంలో 2-1తో గెలిచింది. మూడు ఫైనళ్లు ఓడిన జట్టు అభిమానికి ఓదార్పు ఏముంది? కూతవేటు దూరంలోని చిన్నస్వామి స్టేడియం జట్టు ‘ఈ సల కప్ నమ్దే’ అంటూ అంటూ పద్దెనిమిదో సీజన్‌లో గానీ ఐపీఎల్ గెలవలేదు కదా, అదే ఓదార్పు.

అసలు సీజనే ఉంటుందా?

2025 జులైలో ప్రశ్నే మారిపోయింది. ఫుట్‌బాల్ సమాఖ్యకూ, లీగ్ నడిపే వాణిజ్య భాగస్వామికీ మధ్య ఒప్పందం గడువు ఆ డిసెంబరులో ముగియనుండటంతో ఐఎస్ఎల్‌ను నిలిపి ఉంచారు. ఆగస్టులో బెంగళూరు క్లబ్బు తన ప్రధాన జట్టు ఆటగాళ్లు, సిబ్బంది జీతాలు నిరవధికంగా ఆపుతున్నట్టు ప్రకటించింది. ఎన్నో స్థానం అని వాదించుకునేవాళ్లు ఒక్కసారిగా చప్పబడ్డారు. ఆఖరున వచ్చినా ఫర్వాలేదు, ఆట ఉంటే చాలు అనే పరిస్థితి. జట్టు ఓడితే తిట్టుకోవచ్చు, ఆడకపోతే తిట్టుకోవడానికి కూడా ఏముంటుంది?

ఇలాంటి కలత హైదరాబాద్ అభిమానికి ఇంకా ముందే తెలుసు. 2022 మార్చి 20న గోవాలో కేరళను పెనాల్టీలపై ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు ఎత్తినప్పుడు బీదర్, రాయచూరు, కలబురగిల్లోని తెలుగువాళ్లకు అది సొంత జట్టే. మరుసటి సీజన్‌లో రెండో స్థానం. ఆ తర్వాత, 2023-24లో, ఒక్కటంటే ఒక్క విజయం, 8 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. ఏ జ్యోతిష్కుడూ ఊహించని పతనం. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. కప్పు గెలిచిన మూడేళ్లకే గచ్చిబౌలి స్టేడియంలో ఆడేందుకు సొంత ఐఎస్ఎల్ జట్టు లేదు. పసుపు జెర్సీ బీరువాలో ఉంది, జోస్యం చెప్పడానికి జట్టు లేదు.

చివరికి 2026 ఫిబ్రవరి 14న లీగ్ మొదలైంది. 14 జట్లు, ఒకరితో ఒకరు ఒక్కసారే. మొత్తం 91 మ్యాచులు, జట్టుకు 13. ప్లేఆఫ్‌లు లేవు, పట్టికలో పైనున్నదే విజేత. దాంతో పాత లెక్కలన్నీ పనికిరాకుండా పోయాయి. ఆరులో ఉంటే చాలు అనే మాటకు అర్థం లేదు. 22, 24 మ్యాచుల సీజన్‌లో రెండు ఓటములు సర్దుకోవచ్చు, పదమూడింటిలో కుదరదు. ఆలస్యంగా ఊపందుకునే ఎనిమిది విజయాల అద్భుతానికి చోటే తక్కువ. అయినా కాగితం, పెన్ను మళ్లీ బయటికొచ్చాయి. పదమూడు మ్యాచుల పేర్లు వరసగా రాసుకుని ఒక్కోదాని పక్కన మూడు, ఒకటి, సున్నా వేసుకుంటూ పోవడమే. బెంగళూరు అభిమాని రాసిన ఆ కాగితంలో సున్నా ఎక్కడైనా కనిపిస్తుందేమో వెతికి చూడండి.