పునర్నిర్మాణ విలువ

పాత ఇంటికి బీమా చేయించాలంటే అడగాల్సింది ‘అమ్మితే ఎంత వస్తుంది?’ అని కాదు, ‘కాలిపోతే మళ్లీ అలాగే కట్టడానికి ఎంతవుతుంది?’ అని. ఆ రెండో లెక్కే పునర్నిర్మాణ విలువ. ఇందులో స్థలం ధర ఉండదు. శిథిలాల తొలగింపు, ఆర్కిటెక్టు రుసుము మాత్రం చేరతాయి.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వారసత్వ జాబితాలోని ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. వాటి ప్రత్యేక రూపాన్ని అనుమతి లేకుండా మార్చడం అక్కడ నేరం. కాబట్టి సున్నం గోడకు సున్నమే, ఓక్ దూలానికి ఓక్ కలపే వాడాలి. ఆ పనివాళ్లు అరుదు, కూలీ ఎక్కువ. చాలామంది మాత్రం మార్కెట్ ధరకే బీమా చేయించి నిశ్చింతగా ఉంటారు.

చిక్కంతా అక్కడే. కట్టడానికి 10 లక్షల పౌండ్లయ్యే ఇంటికి 5 లక్షలకే పాలసీ ఉందనుకోండి. 2 లక్షల నష్టం జరిగితే కంపెనీ అదే నిష్పత్తిలో కోసి లక్షే ఇవ్వవచ్చు.

అసలు బీమాయే లేకపోతే? 1992లో విండ్సర్ కోట తగలబడినప్పుడు జరిగింది అదే. మరమ్మతుకు 3.65 కోట్ల పౌండ్లయ్యాయి. ఆ డబ్బు కోసమే 1993లో బకింగ్‌హామ్ ప్యాలెస్‌ను టికెట్ పెట్టి జనానికి తెరిచారు.