మరల బరిలో నిలిచిన పెద్దలు



నిరుడు మన పాఠశాల షటిలు జట్టునకు ఎన్నిక కాని యొక బాలుడు మా యొద్దకు వచ్చి, "ఇంక నా యాట ముగిసినదండీ" యని పలికెను. అప్పటికి అతని వయస్సు పదునైదేండ్లు. నలువది దాటియు మోకాళ్లకు పట్టీలు చుట్టుకొని ప్రతి సాయంకాలమును బరిలో దిగుచున్న మాకు నవ్వు రావలసినదే. గాని యతని కన్నులలోని నీరు చూచి నవ్వలేకపోతిమి. ఆ దినమున అతనికి చెప్పిన సంగతినే యిచట మీ కందఱకును వివరించుచున్నాము.

ఇండొనీషియా దేశీయుడైన హేంద్ర సెతియావాన్ 1984 ఆగస్టు 25వ తేదీన జన్మించెను. అతడు మార్కిస్ కిడోతో గూడి 2007లో జంటల పోటీలో ప్రపంచ విజేత యయ్యెను. 2008లో బీజింగు ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకమును గెలిచెను. పిమ్మట తనకంటె మూడేండ్లు చిన్నవాడైన మొహమ్మద్ అహ్సానుతో జతగూడి 2013లోను, 2015లోను మరల ప్రపంచ విజేత యయ్యెను. కాని 2016లో రియో ఒలింపిక్ క్రీడలలో వీరు తొలి దశయందే ఓడి వెనుదిరిగిరి. తరువాత జత విడిపోయెను. వీరి కాలము గడచినదని పలువురు తలచిరి.

2018లో వీ రిరువురును మరల కలిసిరి. 2019 మార్చిలో బర్మింగుహామున జరిగిన ఆల్ ఇంగ్లండు పోటీలో, హేంద్ర కాలిపిక్క గాయముతోనే తుదియాట ఆడెను. ఎదుటివారు మలేషియా యువకులైన ఆరన్ చియా, సో వూయి యిక్. మొదటి గేము 11-21గా పోయెను. తక్కిన రెండును 21-14, 21-12గా పెద్దలకే దక్కెను. ఆగస్టులో స్విట్జర్లండులోని బాసెల్ నగరమున జపాను జంటను 25-23, 9-21, 21-15గా ఓడించి ప్రపంచ విజేతలైరి. ఆ దినము ఆగస్టు 25. హేంద్రకు ముప్పదియైదు నిండిన దినము. అదే దినమున అదే బరియందు మన తెలుగు బిడ్డ పి. వి. సింధు, 2017లోను 2018లోను తుదియాటలో ఓడియు విడువక, ప్రపంచ విజేత యగుట మనకు సంతోషదాయకము.

వేగము తగ్గిన పెద్దలు వేగవంతులైన యువకుల నెట్లు గెలిచిరి? ఇందుకు కారణము ఆటలోనే కలదు. షటిలునకు పదునాఱు ఈకలుండును; బరువు అయిదున్నర గ్రాములకు మించదు. కావున అది బ్యాటునుండి మిక్కిలి వేగముగా వెడలినను, ఈకలకు గాలి యడ్డుపడుటచే త్వరలోనే మందగించును. ముందుగా చోటెరిగి నిలిచినవాడు పరుగెత్తవలసిన పని తక్కువ. రెండవది: బలమైన స్మాషు కొట్టవలెనన్న షటిలు ఎత్తుగా రావలెను. ఈ పెద్దలు దానిని వలపై అంచునకే తక్కువ యెత్తున పంపుచు, ఎదుటివారి భుజబలమునకు అవకాశము నీయకుండిరి. సర్వీసు చేయునప్పుడే, అది తిరిగి ఎచటికి రాగలదో, తాము ఎట్లు కొట్టవలెనో ఊహించి సిద్ధముగా నుండిరి. మూడవది: జంటల యాటలో దాడిచేయునపుడు ఒకరు ముందు, ఒకరు వెనుక నిలుతురు, కాచుకొనునపుడు ప్రక్కప్రక్కల నిలుతురు. ఈ మార్పు రెప్పపాటులో జరుగవలెను. "నీవా, నేనా" యని అడుగుటకు వ్యవధి లేదు. ఇట్టి పొందిక యేండ్ల తరబడి కలిసి ఆడినవారికే లభించును.

అయినను వయస్సునకు హద్దు లేదని మేము చెప్పబోము. ఓడిన యువకులును ఊరకుండలేదు. ఆ మలేషియా జంటయే 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో వీరిని ఓడించి కాంస్యపతకము నందెను. 2022లో ప్రపంచ పోటీల తుదియాటలోను వీరినే గెలిచి, తమ దేశమునకు తొలి ప్రపంచ విజేత బిరుదమును తెచ్చెను. పెద్దలిరువురును 2025 జనవరిలో జకార్తానగరమున ఆటకు వీడ్కోలు పలికిరి. ఓటమినుండి నేర్చుకొనుట పెద్దలకు మాత్రమే చెందిన విద్య కాదని దీనివలన తెలియుచున్నది.

విద్యార్థులారా! బలము కొందఱికి పుట్టుకతో వచ్చును. చోటెరిగి నిలుచుట, తోడివాని మనస్సు నెరుగుట, సర్వీసు తప్పకుండుట అభ్యాసముచేతనే వచ్చును. వీనికి పొడుగుతోను లావుతోను పనిలేదు. ఒక యెన్నికలో పేరు రాకపోయినంత మాత్రమున ఆట ముగియదు.

ఈ యేటి జట్టు ఎన్నిక ఇంకను జరుగలేదు. ఆ బాలుడు మాత్రము ప్రతి సాయంకాలమును అందఱికంటె ముందుగా వచ్చి, వల కావల ఒక గిరి గీసి, అందులో పడునట్లు సర్వీసు అభ్యసించుచున్నాడు. మొన్న మాపైన ఒక గేము గెలిచెను. మా మోకాళ్లను మేము నిందింపలేదు; అతడు నేర్చుకొనియే గెలిచెను.